ఫ్లాట్ తర్వాత, పాప సీటు ముందు: బెంగళూరు నుంచి హైదరాబాద్ వచ్చిన ఒక కుటుంబం కేస్ స్టడీ

2024 నవంబరులో ఫోన్ వచ్చింది. అవతల ఆవిడ మాట తీరు తెనాలి వైపుది, ఉండేది మాత్రం తొమ్మిదేళ్లుగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. వాళ్లాయన టీమ్ మొత్తాన్ని కంపెనీ హైదరాబాద్ నానక్‌రాంగూడ ఆఫీసుకు మారుస్తోంది, ఏప్రిల్ ఒకటికల్లా ఇక్కడ చేరాలి. పాప ఏడో తరగతి, బాబు యూకేజీ. "మేడమ్, మంచి స్కూళ్లున్న ఏరియా ఏదో చెప్పండి, అక్కడే ఫ్లాట్ కొనేస్తాం" అన్నారు. కోకాపేటలో ఒక టవర్‌లో 19వ అంతస్తులో ఫ్లాట్ చూసుకున్నారట, ఇంకో వారంలో బుకింగ్ డబ్బు కట్టాలట. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చిందా అని అడిగితే, "వచ్చేస్తుందన్నారు" అన్నారు.

నేను పదకొండేళ్లు స్కూల్లో లెక్కలు చెప్పాను, అందులో చివరి మూడేళ్లు అడ్మిషన్ల పని కూడా చూశాను. ఇప్పుడు ఊరు మారి హైదరాబాద్ వచ్చే కుటుంబాలకు పిల్లల స్కూలు, ఇల్లు కుదిర్చే విషయంలో సలహాలిస్తున్నాను. ఈ కేసును పూర్తిగా రాయడానికి ఆ దంపతులు ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ముందు వాళ్లతో చెప్పింది ఒక్కటే. బుకింగ్ ఆపండి.

"మంచి స్కూళ్లున్న ఏరియా" అన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో రెండో ఫోన్‌లో తెలిసింది. ఆవిడ తమ్ముడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు, "అక్కా, ముందు మంచి స్కూల్ జోన్ చూసి ఇల్లు కొనండి" అని చెప్పాడు. అతను అబద్ధం చెప్పలేదు. అక్కడ ఇంటి అడ్రసును బట్టే స్కూలు. ఫలానా వీధి ఫలానా ఎలిమెంటరీ స్కూలుకు, ఆ తర్వాత ఫలానా హైస్కూలుకు అని హద్దులు గీసి ఉంటాయి. స్కూళ్లు నడిచే డబ్బులో పెద్ద భాగం ఇళ్ల పన్నుల నుంచే వస్తుంది కాబట్టి మంచి స్కూలు హద్దులో ఇల్లంటే మనవాళ్లు ధర ఎక్కువైనా కొంటారు. (జనం పెరిగి కొత్త స్కూళ్లు కట్టినప్పుడు ఆ హద్దులు కూడా మారుతుంటాయి, అది అక్కడివాళ్ల టెన్షన్.) మన హైదరాబాద్‌లో ప్రైవేటు స్కూళ్లకు అలాంటి హద్దుల్లేవు. ఎదురుగా ఫ్లాట్ కొన్నా సీటు ఖాళీ లేకపోతే లేదంతే, పదిహేను కిలోమీటర్ల అవతల ఉన్నా ఫీజు కట్టి బస్సెక్కితే చేర్చుకుంటారు. కాబట్టి ఇక్కడ ఇంటికీ స్కూలుకూ మధ్య ఉన్న చుట్టరికం ఒక్కటే, రోజూ పొద్దున ఎంతసేపు ప్రయాణం అన్నది.

డిసెంబరు మొదటి శనివారం నలుగురూ వచ్చారు, అత్తగారు కూడా. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఇకమీదట కొడుకు దగ్గరే ఉంటారు. ఏరియాల గురించి మాట్లాడకుండా ముందు వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడిగాను. ఆయన వారానికి నాలుగు రోజులు నానక్‌రాంగూడ వెళ్లాలి. ఆవిడ ఉద్యోగం మాదాపూర్‌లో దొరికేలా ఉంది, వారానికి రెండు మూడు రోజులు ఆఫీసు. ఇద్దరు పిల్లల ఫీజులు, బస్సు అన్నీ కలిపి ఏడాదికి నాలుగు లక్షలు దాటకూడదు. ఇది వినగానే కోకాపేట, నార్సింగి వైపు ఇంటర్నేషనల్ స్కూళ్లన్నీ వాటంతటవే పక్కకు పోయాయి. ఆ ఫ్లాట్ పక్కన ఉన్న స్కూలు ఫీజు వీళ్ల బడ్జెట్‌కు అందేది కాదు, ఆ సంగతి ఫ్లాట్ అమ్మేవాళ్లు చెప్పరు కదా.

పాప ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. వాళ్లమ్మ అనుమతితో పది నిమిషాలు విడిగా కూర్చున్నాను. అడిగింది రెండే ప్రశ్నలు. బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటుందా అని ఒకటి. రెండోది, "ఆంటీ, అందరూ ఒకటో తరగతి నుంచి ఫ్రెండ్స్ అయి ఉంటారు కదా, నాతో ఎవరు కూర్చుంటారు?" నా నోట్‌బుక్‌లో ఆ కేసు పేజీ పైన ఈ ప్రశ్నే రాసుకున్నాను. స్కూళ్లకు వెళ్లినప్పుడు ప్రిన్సిపాళ్లను కూడా ఇదే అడిగాను, ఎనిమిదో తరగతిలో నిరుడు ఎంతమంది కొత్తవాళ్లు చేరారు, సెక్షన్లు ప్రతి ఏడాదీ కలిపి మళ్లీ విడగొడతారా అని. సెక్షన్లు కలిపే స్కూల్లో పాత జట్లు ఎలాగూ విడిపోతాయి, కొత్త పిల్లకు చోటు దొరుకుతుంది.

ఇప్పుడు అసలు విషయం. భార్యాభర్తలు ఇంకో ప్లాన్ కూడా వేసుకున్నారు. ఆయన ముందు వచ్చి చేరితే, పాప చదువు చెడిపోకుండా ఆవిడ, పిల్లలు బెంగళూరులోనే ఇంకో రెండేళ్లు ఉండి, తొమ్మిది అయ్యాక పదికి ఇక్కడికి రావాలని. వినడానికి బాగానే ఉంది, చాలామంది చేసేదే. నేను కచ్చితంగా వద్దన్నాను, కారణం లోకల్ హోదా.

ఇది మన రెండు రాష్ట్రాల వాళ్లు, ముఖ్యంగా బయట ఉద్యోగాలు చేసేవాళ్లు చాలా ఆలస్యంగా తెలుసుకునే సంగతి, అందుకే వివరంగా రాస్తున్నాను. తెలంగాణలో రాష్ట్ర కోటా మెడికల్ సీట్లకు లోకల్ అనిపించుకోవాలంటే 2024 జులైలో వచ్చిన జీవో 33 ప్రకారం ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా తెలంగాణలోనే చదివి, ఇంటర్ ఇక్కడే పాసవ్వాలి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో కూడా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల లెక్కే ప్రధానం, దాని మూలాలు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఉన్నాయి. కొందరు ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి కానీ వీళ్లిద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు. నేను వాళ్లతో మాట్లాడేనాటికి ఆ జీవో మీద కోర్టుల్లో కేసు నడుస్తోంది. తీర్పు ఎటు వచ్చినా, నాలుగేళ్లూ ఇక్కడే చదివిన పిల్లకు ఢోకా ఉండదు, కాబట్టి తీర్పు కోసం చూడొద్దన్నాను. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

ఆయన వెంటనే, "మాది తెనాలి కదండీ, ఆంధ్రాలో అయినా లోకల్ అవుతుంది కదా" అన్నారు. అందరూ ఇలాగే అనుకుంటారు. సొంతూరు, పొలం, ఓటు ఇవన్నీ తెనాలిలో ఉన్నా, పిల్ల చదివింది ఎక్కడ అన్నదే ముందు చూస్తారు. ఏడు దాకా బెంగళూరులో చదివి, తొమ్మిది కూడా అక్కడే చదివి, పదికి హైదరాబాద్ వస్తే తెలంగాణ లెక్కలో ఒక ఏడాది తగ్గిపోతుంది, ఆంధ్రాలో అసలు చదవనే లేదు. ఎన్‌ఐటీల్లో సొంత రాష్ట్రం కోటా లెక్క వేరు, అక్కడ పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో చూస్తారు. ఈ రెండింటినీ కలిపేసుకుని "ఇంటర్‌కు వస్తే చాలు" అనుకునే తల్లిదండ్రులు నా దగ్గరికి ప్రతి ఏడాదీ వస్తారు, వచ్చేసరికి పిల్లాడు పదిలో ఉంటాడు, అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

"ఏడో తరగతి పిల్లకు ఇప్పుడే నీట్ గురించి ఎందుకమ్మా" అన్నారు అత్తగారు. ఆవిడ అడిగింది సబబే. పాప డాక్టరవుతుందో, ఏమవుతుందో ఎవరికీ తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు. కానీ తెలిసే వయసు వచ్చేసరికి ఆ తలుపు మూసేసి ఉండకూడదన్నదే నా పట్టుదల. 2025 ఏప్రిల్‌లో ఎనిమిదికి వస్తే ఒక ఏడాది చేతిలో మిగులుతుంది. 2026లో తొమ్మిదికి వచ్చినా సరిపోతుంది కానీ, తొమ్మిదిలో సీబీఎస్ఈ బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది, పదో తరగతి పరీక్ష దాని మీదే ఆధారపడి ఉంటుంది, ఆ తర్వాత పదికి స్కూలు మారాలంటే బోర్డు అనుమతి కావాలి. స్కూలు నచ్చకపోతే మార్చుకునే అవకాశం ఎనిమిదిలో ఉన్నంతగా తొమ్మిదిలో ఉండదు. ఇది విన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ సాయంత్రమే అందరూ కలిసి రావాలని నిర్ణయించుకున్నారు.

ఆ తర్వాత వరస మార్చాం. పాప సీటు, బాబు సీటు, ఇల్లు, అన్నీ కుదిరి ఏడాది గడిచాక కొనడం గురించి ఆలోచన.

పాప సీటే ఎందుకు ముందంటే, నర్సరీకి, ఒకటో తరగతికి సీట్లు ఎక్కువ, అడ్మిషన్లు ముందు సంవత్సరం దసరా వేళకే మొదలవుతాయి. ఎనిమిదో తరగతిలో అలా కాదు, ఎవరైనా టీసీ తీసుకుని వెళ్లిపోతే మిగిలేదే సీటు. ఆ లెక్క ఫిబ్రవరి, మార్చిలో గానీ తేలదు. పెద్ద పిల్లకు దొరికిన స్కూల్లో తమ్ముడికి దొరకడం తేలిక, తోబుట్టువులకు చాలాచోట్ల ముందు అవకాశం ఇస్తారు. చిన్నవాణ్ని ముందు చేర్చి పెద్దదానికి తర్వాత చూద్దాం అనుకున్న కుటుంబాలు రెండు స్కూళ్లు, రెండు బస్సులతో అవస్థ పడటం చాలాసార్లు చూశాను.

పదకొండు స్కూళ్లతో మొదలుపెట్టాను. మూడు మిగిలాయి. ఎనిమిది ఎలా పోయాయో అంతా రాయను, ఫీజు దగ్గర నాలుగు, దూరం దగ్గర రెండు పోయాయి. మిగతా రెండింటి గురించి మాత్రం చెప్పాలి. తెల్లాపూర్ వైపు కొత్త స్కూళ్లు చాలా వచ్చాయి, భవనాలు బాగుంటాయి, గ్రౌండు పెద్దది. కానీ కొత్త స్కూలు ప్రతి ఏడాదీ ఒక్కో తరగతి పెంచుకుంటూ పోతుంది. వీటిలో ఒకదానిలో అప్పటికి ఏడో తరగతే పెద్ద తరగతి. అంటే మా పాప బ్యాచే ఆ స్కూలుకు మొదటి పదో తరగతి బ్యాచ్ అవుతుంది. చిన్న పిల్లలకైతే నేను సరేనంటాను, ఎనిమిదికి వచ్చే పిల్లకు వద్దంటాను.

రెండోది ఇంకా పెద్ద సమస్య. బోర్డు మీద "సీబీఎస్ఈ" అని ఉంది, ఆఫీసులో కూడా అలాగే చెప్పారు. అఫిలియేషన్ (బోర్డు గుర్తింపు) నంబరు అడిగితే కాగితం మీద రాసివ్వడానికి ఇరవై నిమిషాలు పట్టింది. స్కూళ్ల గుర్తింపు వివరాలుండే సీబీఎస్ఈ సారస్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే అది వాళ్లదే ఇంకో బ్రాంచిది, ఈ బ్రాంచికి ఎనిమిది దాటి అనుమతి లేదు. తొమ్మిది, పది పిల్లల పేర్లు ఆ బ్రాంచిలో చూపించి పరీక్ష రాయిస్తారన్నమాట. వీళ్ల పాప విషయంలో తొమ్మిదో తరగతి ఎక్కడ చదివిందో కాగితాల మీద శుభ్రంగా ఉండాలి, లోకల్ హోదాకు చూపించేది స్టడీ సర్టిఫికెట్లే. కాబట్టి ఎవరైనా సరే, స్కూలు పేరు, బ్రాంచి అడ్రసు, ఏ తరగతి దాకా అనుమతి, ఎప్పటిదాకా అన్నవి మీరే చూసుకోండి, "సీబీఎస్ఈ ప్యాటర్న్" అన్న మాట వినిపిస్తే ఇంకా జాగ్రత్తగా చూడండి.

మిగిలిన మూడింటికి నా పద్ధతిలో పరీక్ష పెట్టాను. సీబీఎస్ఈ స్కూళ్లన్నీ తమ వెబ్‌సైట్‌లో మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్ అనే పేజీ పెట్టాలి. టీచర్లు ఎంతమంది, సెక్షన్లు ఎన్ని, పదో తరగతి ఫలితాలు, ఫీజు వివరాలు అందులో ఉంటాయి. నూటికి తొంభై మంది తల్లిదండ్రులు ఆ పేజీ తెరవకుండానే ఫీజు కట్టేస్తారు, నాకు బాధగా ఉంటుంది. బోర్డు నిబంధన ప్రకారం మామూలుగా సెక్షన్‌కు 40 మంది మించకూడదు, సెక్షన్‌కు ఒకటిన్నర చొప్పున టీచర్లు ఉండాలి. మొదటి స్కూల్లో కాగితం మీద 40, క్లాసులోకి తొంగి చూస్తే 46 మంది. నేను లెక్కపెట్టాను.

టీచర్లు నిలబడుతున్నారా లేదా అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ప్రిన్సిపాల్‌ను అడిగితే ఎవరూ మానేయరనే చెబుతారు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను, బస్సు ఆయమ్మను అడుగుతాను, ఇంటి బెల్లు కొట్టాక తల్లుల మధ్య నిలబడి "ఈ ఏడాది లెక్కలు ఎవరు చెబుతున్నారమ్మా" అంటాను. రెండో స్కూల్లో ఒక తల్లి, "జూన్‌లో ఒకావిడ, దసరా తర్వాత ఒకాయన, ఇప్పుడు ఎవరో కొత్తావిడ" అంది. అక్కడితో ఆ స్కూలు అయిపోయింది. మూడో స్కూలు నల్లగండ్ల, గోపన్‌పల్లి మధ్యలో ఉంటుంది. భవనం పాతబడింది, రంగు వెలిసింది, వెబ్‌సైట్ కూడా అంతంతే. కానీ ఎనిమిదో తరగతికి చెప్పే ఆరుగురు టీచర్లలో నలుగురు ఐదేళ్లకు పైగా ఉన్నవాళ్లే. పిల్లల నోట్సు చూపించమంటే ఏదో ఒకటి ఎంచి తేకుండా వరసలో నుంచి మూడు తీసి ఇచ్చారు, ఎర్ర పెన్నుతో కేవలం టిక్కులు కాకుండా తప్పు ఎందుకో కూడా రాసి ఉంది. సెక్షన్లు ప్రతి ఏడాదీ కలుపుతారు. బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది, ఒక వైపు వల చిరిగి ఉంది.

ఎనిమిదో తరగతికి రెండు సీట్లు ఖాళీ అవుతాయని జనవరిలోనే తెలిసింది. పాపకు లెక్కల్లో, ఇంగ్లీషులో ఒక చిన్న రాత పరీక్ష పెట్టారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిది దాకా అడ్మిషన్‌కు పరీక్ష పెట్టి వడపోయకూడదు. "లెవెల్ తెలుసుకోవడానికే" అని చాలా స్కూళ్లు పెడతాయి. ఇక్కడ ఆ పేపర్‌ను అడ్మిషన్ ఖాయం చేశాకే పెట్టారు, భిన్నాల్లో బలహీనంగా ఉందని కాగితం మీద రాసి తల్లికిచ్చారు. నేను ఆ కాగితం చూసి ఈ స్కూలు మీద ఇంకొంచెం నమ్మకం పెంచుకున్నాను.

స్కూలు ఖాయమయ్యాక ఇల్లు. ఇక్కడే వాళ్లకూ నాకూ వాదన జరిగింది. చందానగర్‌లో వాళ్లకు ఒక మంచి ఫ్లాట్ దొరికింది, అద్దె ఆరు వేలు తక్కువ, లిఫ్ట్ ఉంది, స్కూలు ఆరున్నర కిలోమీటర్లు, బస్సు వస్తుంది. నాకు ఆ ఇల్లు మీద అనుమానం. ఒక మంగళవారం పొద్దున స్కూటీ మీద ఆ బస్సు వెనకాలే వెళ్లాను. 7.05కు చందానగర్‌లో మొదటి పిల్లవాడు ఎక్కాడు, 7.53కు స్కూలు గేటు దాటింది. ఆరున్నర కిలోమీటర్లకు 48 నిమిషాలు, మధ్యలో 13 స్టాపులు. వీళ్ల స్టాపు మొదటి నుంచి రెండోది. బస్సు ఫీజు గురించి అందరూ అడుగుతారు, మీ స్టాపు వరసలో ఎన్నోది అని ఎవరూ అడగరు. ఒకే దూరంలో ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి పన్నెండు నిమిషాలు, ఒకరికి ముప్పావు గంట తేడా దీనివల్లే వస్తుంది.

ఇంకోటి, చందానగర్ రైలు పట్టాలకు అటువైపు, స్కూలు ఇటువైపు. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి, ఈ వైపు ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. డిసెంబరులో ఇల్లు చూసేవాళ్లకు జులై గుర్తుకు రాదు. పిల్లల ఇల్లు, స్కూలు పట్టాలకు ఒకే వైపు ఉండాలి అన్నాను. ఆయనకు కొంచెం కోపం వచ్చింది, "ఆరు వేలంటే ఏడాదికి డెబ్భై రెండు వేలండీ" అన్నారు. నిజమే. నేను ఆ లెక్క కాదనలేదు, పాప రోజుకు గంటన్నర బస్సులో కూర్చునే లెక్క పక్కన రాసి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత ఆవిడ ఫోన్ చేసి, "అక్కా, నల్లగండ్లలోనే చూడండి" అన్నారు. అప్పటిదాకా మేడమ్ అనేవారు.

నల్లగండ్లలో రెండో అంతస్తులో మూడు పడక గదుల ఫ్లాట్, అద్దె 38 వేలు, స్కూలు రెండు కిలోమీటర్లు. ఆయన గోపన్‌పల్లి రోడ్డు మీదుగా నానక్‌రాంగూడ వెళ్తారు. ఆవిడ లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగుతారు, రైళ్ల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి టైము చూసుకునే బయలుదేరాలి. అత్తగారికి నచ్చింది మాత్రం లింగంపల్లిలో రైలెక్కితే నేరుగా తెనాలిలో దిగొచ్చన్నది. బోరు నీళ్లు వేసవిలో ఎలా ఉంటాయో కింద ఫ్లాట్ వాళ్లను, టీ కొట్టు ఆయన్ను అడిగాను, ఏప్రిల్, మేలో ట్యాంకర్లు వస్తాయన్నారు, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందా విడిగానా అన్నది అగ్రిమెంటులో రాయించాం. బెంగళూరులో ఓనర్ దగ్గర వీళ్ల అడ్వాన్స్ ఎనిమిది నెలల అద్దె ఉంది, ఇక్కడ రెండు నెలలదే అడిగారు. ఆ మిగిలిన డబ్బుతోనే షిఫ్టింగ్, స్కూలు మొదటి టర్మ్ రెండూ గడిచాయి.

బాబు సంగతి త్వరగా చెబుతాను. ఆగస్టులో పుట్టాడు, 2025 మార్చి 31 నాటికి ఐదేళ్ల ఏడు నెలలు. ఈ స్కూలు ఒకటో తరగతికి మార్చి 31కి ఆరు నిండాలంటోంది, కేంద్రీయ విద్యాలయాల్లోనూ ఇదే నియమం. దగ్గర్లో ఇంకో స్కూలు చేర్చుకుంటానంది. "ఏడాది వృథా" అని అత్తగారు. తరగతిలో అందరికన్నా చిన్నవాడు ఏళ్ల తరబడి చిన్నవాడుగానే ఉండటం నేను క్లాసులో చూశాను కాబట్టి అక్క స్కూల్లోనే యూకేజీ మళ్లీ చదివించమన్నాను. ఒప్పుకున్నారు.

కానీ ఇక్కడ నేనొక తప్పు చేశాను. యూకేజీ పిల్లల్ని పన్నెండున్నరకే వదిలేస్తారు, పెద్దవాళ్లను మూడు ఇరవైకి. ఆ పన్నెండున్నరకు బస్సు లేదని ఏప్రిల్ రెండో తారీకున గానీ మాకు తెలీలేదు. ముందే అడగాల్సిన ప్రశ్న అది, అడగలేదు. మొదటి మూడు వారాలు మోకాళ్ల నొప్పులతోనే ఆ పెద్దావిడ ఆటోలో వెళ్లి మనవణ్ని తెచ్చుకున్నారు. నేను క్షమించమని అడిగాను. వేసవి సెలవుల తర్వాత అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో తల్లితో మాట్లాడి, ఆవిడ కారులో ఇద్దరు పిల్లలూ కలిసి వచ్చేలా కుదిర్చాం. ఇప్పుడు చిన్న పిల్లలున్న ప్రతి కుటుంబానికీ నా మొదటి ప్రశ్న, ఏ తరగతిని ఎన్నింటికి వదులుతారు, ఆ టైముకు బండి ఉందా అని.

కాగితాల గురించి. బెంగళూరు స్కూలుకు జనవరిలోనే టీసీ కోసం ఉత్తరం ఇప్పించాను. టీసీతో పాటు ఇప్పుడు పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత నంబరు) కూడా చూసుకోవాలి, పాత స్కూలు ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో పిల్లను వదిలితేనే కొత్త స్కూలు తన ఖాతాలోకి తీసుకోగలదు. వీళ్లకు అందులో పదిహేను రోజులు ఆలస్యమైంది. దాని కోసం స్కూలు అడ్మిషన్ ఆపలేదు, కాబట్టి క్లాసులు పోలేదు. అసలు తలనొప్పి పేరుది. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా చివర ఉంది, ఆధార్‌లో పొడి అక్షరం ముందు ఉంది. మన తెలుగువాళ్లందరి ఇళ్లలో ఉండే గొడవే ఇది. తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్ అయ్యేలోపు అన్నిచోట్లా ఒకే పేరు ఉండాలని చెప్పి, మేలో ఆధార్ మార్పించాం.

చదువులో అందరూ భయపడింది తెలుగు గురించి. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టంతో సీబీఎస్ఈ స్కూళ్లలో కూడా పది దాకా తెలుగు తప్పనిసరి. పాప ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరం రాయదు. అయితే కర్ణాటకలోనూ ఇలాంటి చట్టమే ఉంది కాబట్టి ఏడు దాకా కన్నడం చదివింది. నేను ఇది వరమని చెప్పాను. రెండు లిపులూ ఒకే మూలం నుంచి వచ్చినవి, అక్షరాల పోలిక అంత దగ్గర. తలకట్టు దగ్గర, కొన్ని గుణింతాల దగ్గర తడబడింది తప్ప, వేసవి సెలవులు అయ్యేలోపు చదవడం వచ్చేసింది. దీనికి ట్యూషన్ పెట్టలేదు. అత్తగారికి కళ్లు సరిగా ఆనవు, రోజూ సాయంత్రం పేపరు పాపతో పైకి చదివించుకునేవారు, తప్పు చదివితే అక్కడే ఆపేవారు. మొదటి యూనిట్ టెస్టులో తెలుగులో 40కి 11, అర్ధసంవత్సర పరీక్షలో 80కి 46. రాత ఇంకా నెమ్మది.

జులైలో ఒక రోజు గట్టి వాన పడి అండర్‌బ్రిడ్జి నిండింది. ఆ సాయంత్రం అటువైపు పిల్లల బస్సు చుట్టూ తిరిగి చాలా ఆలస్యంగా చేరింది. వీళ్ల పిల్ల నాలుగింటికే ఇంట్లో ఉంది. ఆయన ఆ రాత్రి నాకు మెసేజ్ పెట్టారు, ఆరు వేల గురించి ఇంక మాట్లాడనని.

అన్నీ కుదిరాయని మాత్రం చెప్పను. పాప మొదటి రెండు నెలలు లంచ్ టైములో లైబ్రరీలోనే కూర్చుంది. క్లాస్ టీచర్ అది గమనించి జూన్ చివర్లో ఫోన్ చేశారు, పాత స్కూళ్లలో ఎవరూ అలా చేయలేదని తల్లి అన్నారు. బాస్కెట్‌బాల్ జట్టులో చేర్చాక పరిస్థితి మారింది, ఇప్పుడు పక్కన కూర్చునేవాళ్లు ముగ్గురున్నారు. బెంగళూరు స్నేహితురాలితో రోజూ వీడియో కాల్ మాత్రం ఆగలేదు, ఆపమని నేను చెప్పలేదు. లెక్కల్లో భిన్నాలు ఇంకా బలహీనమే, దసరా సెలవుల్లో నాలుగు రోజులు నేనే కూర్చోబెట్టాను.

కొనడం సంగతి దసరాకు మళ్లీ వచ్చింది. కోకాపేట ఫ్లాట్ గురించి కాదు, నల్లగండ్లలోనే ఒకటి చూశారు. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు ఉండకూడని బఫర్ జోన్ మ్యాపు చూడకుండా ఈ వైపు ఏదీ కొనొద్దన్నాను. ఇంకోటి కూడా చెప్పాను. పాప ఇంటర్‌కు ఎక్కడికి వెళ్తుందో తేలలేదు, ఈ స్కూల్లోనే పదకొండు, పన్నెండు చదువుతుందా, లేక మియాపూర్, నిజాంపేట వైపు జూనియర్ కాలేజీకా అన్నది రెండేళ్లలో తెలుస్తుంది, అప్పుడు రోజువారీ ప్రయాణమే మారిపోతుంది. ఏడాది పోయాక చూద్దాం అనుకున్నారు.

అగ్రిమెంటు మార్చి మొదట్లో ముగుస్తుంది, మళ్లీ పదకొండు నెలలకు రాసుకుంటున్నారు. ఓనర్ రెండు వేలు పెంచమన్నాడు, వెయ్యికి ఒప్పించాం. వంటింటి కిటికీకి దోమల మెష్ వేయించే సంగతి కూడా ఆ కాగితంలోనే రాయించమని అత్తగారు మొన్న ఫోన్‌లో రెండుసార్లు గుర్తుచేశారు.